43 నంబరు హీల్స్ జత: ఏడు నెలల వాడకం తరువాత

నా పాదం పొడవు 27.2 సెంటీమీటర్లు. వేళ్ల మొదట్లో, పాదం అన్నిటికన్నా వెడల్పుగా ఉండే చోట, 10.6 సెంటీమీటర్లు. హీల్స్ వేసుకోవాలనుకునే మగవాడికి ముందుగా తెలియాల్సినవి ఈ రెండు అంకెలే. ధైర్యం సంగతి ఆ తరువాత.

నేను కుర్చీలు, బల్లలు చేసే పనివాడిని. వయసు 46, బరువు 78 కిలోలు. హీల్స్ మీద ఇష్టం చిన్నప్పటినుంచీ ఉంది, వేసుకోవడం మాత్రం రెండేళ్ల కిందటే మొదలుపెట్టాను. ఏడు నెలలుగా వాడుతున్న ఈ జత గురించి వివరంగా రాయాలనిపించింది. దీని అడుగున ముద్రించిన పేరుకన్నా, ఏం చూసి కొన్నానో, కొన్నాక ఏం తెలిసిందో చెబితే ఎక్కువమందికి పనికొస్తుందని నా నమ్మకం.

దీనికి ముందు ఒక జత కొన్నాను. ఆడవాళ్ల విభాగంలో దొరికిన అన్నిటికన్నా పెద్ద నంబరు, 42. మొన తేలిన ముక్కు, 10 సెంటీమీటర్ల సన్నని హీల్. నా పాదం పొడవుకు అది సరిపోతుందని కొలతల పట్టికలో ఉంది. పొడవు దాదాపుగా సరిపోయింది కూడా. కానీ ఆడవాళ్ల చెప్పుల అచ్చు, అంటే చెప్పును కుట్టే పాదం ఆకారపు దిమ్మ, మగవాళ్ల అచ్చును చిన్నది చేసినది కాదు. వేళ్ల దగ్గర సన్నం, మడమ దగ్గర ఇంకా సన్నం. నా చిటికెన వేలు పక్క వేలి కిందికి దూరిపోయింది. ఇరవై నిమిషాల్లో మడమ వెనక చెప్పు కరిచి బొబ్బ లేచింది. స్నేహితుల ఇంట్లో ఒక సాయంత్రమంతా అలాగే ఉన్నాను. తరువాత ఆ రోజు ఎవరో తీసిన వీడియో చూసుకుంటే, తల వంచుకుని, భుజాలు ముడుచుకుని, గోడ పక్కనుంచి నడుస్తున్నాను. చూసినవాళ్లు ఇతను సిగ్గుపడుతున్నాడనే అనుకుని ఉంటారు. నేను సిగ్గుపడలేదు. నాకు నొప్పిగా ఉంది, అంతే. నొప్పి బయటికి సిగ్గులాగే కనిపిస్తుంది. ఆ వీడియో చూశాక అర్థమైంది, నాకు కావలసింది ఇంకొంచెం ధైర్యం కాదు, ఇంకొంచెం వెడల్పు అని.

ఇప్పటి జత నల్లని మెత్తటి తోలుది. గుండ్రటి ముక్కు, చీలమండ చుట్టూ పట్టీ, లావుపాటి చదరపు హీల్. 35 నుంచి 46 దాకా అన్ని నంబర్లూ ఒకే వరుసలో, ప్రతి నంబరుకూ రెండు వెడల్పుల్లో ఉన్నాయి. ఆడవాళ్లకని ఒకటి, మగవాళ్లకని ఒకటి వేరే పేజీలు లేవు. పాదం పొడవెంత, వెడల్పెంత అని అడిగారు, చెప్పాను. అంతకుమించి ఎవరూ ఏమీ అడగలేదు. అంతకుముందు ప్రతి చోటా "ఎవరికండీ?" అనే ప్రశ్నకు జవాబు వెతుక్కున్నవాడిని. ఆ ప్రశ్న లేకుండా హీల్స్ కొన్నది జీవితంలో అదే మొదటిసారి.

నంబర్ల లెక్క కూడా చెప్పాలి, చాలామంది పొరపడేది ఇక్కడే. యూరప్ నంబర్లలో ఒక్కో నంబరుకు సెంటీమీటరులో మూడింట రెండు వంతుల తేడా ఉంటుంది. ఆ లెక్కన 43 అంటే సుమారు 28.7 సెంటీమీటర్లు. అయితే అది అచ్చు పొడవు, పాదం పొడవు కాదు. వేళ్ల ముందు ఒకటిన్నర సెంటీమీటరు ఖాళీ పోతే 27.2 మిగులుతుంది, సరిగ్గా నా పాదం. గోధుమరంగు ప్యాకింగ్ కాగితం నేల మీద పరిచి, రెండు కాళ్ల మీదా సమంగా బరువు వేసి నిలబడి, పెన్సిల్‌ను నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీయించుకోండి. సాయంత్రం పూట గీయించుకోండి, పొద్దంతా నిలబడ్డ పాదం కొంచెం ఉబ్బుతుంది. కుడి, ఎడమ రెండూ గీయించాలి. నా ఎడమ పాదం కుడిదానికన్నా నాలుగు మిల్లీమీటర్లు పెద్దదని 46 ఏళ్లకు ఆ కాగితమే చెప్పింది.

పెట్టె రాగానే జతను తిన్నగా పని బల్ల మీదికి తీసుకెళ్లాను. రసమట్టంతో సమం చూసుకున్న బల్ల అది. కొత్త కుర్చీని ఎలా చూస్తానో అలాగే చూశాను. హీల్ అడుగు బల్లకు పూర్తిగా ఆనిందా, వెలుతురు దూరే సందు ఉందా? లేదు. వేలితో పైనుంచి అటూ ఇటూ నొక్కితే ఊగుతోందా? లేదు. వెనకనుంచి చూస్తే హీల్ మధ్యగీత, మడమ మధ్యగీత ఒకే తిన్నన ఉన్నాయి. కుర్చీ కాలు పక్కకు వాలితే కూర్చున్నవాడి నడుము ఆ వాలును మోయాలి. హీల్ విషయంలోనూ అంతే, ఆ వాలును చీలమండ మోయాలి. తరువాత చెప్పును రెండు చేతులతో పట్టుకుని వంచాను. వేళ్ల దగ్గర మాత్రమే వంగింది, నడుమ వంగలేదు. అరికాలి వంపు కింద, రెండు పొరల మధ్య ఉక్కు బద్ద ఉంటుంది, పాదాన్ని మోసేది అదే. నడుమ వంగే హీల్స్‌ను ఎంత అందంగా ఉన్నా అక్కడే వదిలేయండి. నాలాంటి బరువున్నవాళ్ల కింద ఆ బద్ద పనికిరానిదైతే హీల్ వెనక్కి వాలిపోతుంది.

హీల్ అడుగు 3.6కు 3.4 సెంటీమీటర్లు. సుమారు 12 చదరపు సెంటీమీటర్లు. అడుగు వేసిన క్షణంలో బరువంతా ఒక్క హీల్ మీద పడిందనుకున్నా, ఒక్కో చదరపు సెంటీమీటరు మోసేది ఆరున్నర కిలోల లోపే. నా పాత జతలో అది ఇంచుమించు ఒక్క చదరపు సెంటీమీటరు. చెక్క నేల మీద గుంటలు పడ్డాయి, నా సొంత కార్ఖానాలో నేను చిత్రిక పట్టి పరిచిన పలకల మీద. సన్నని హీల్ అందం నాకూ తెలుసు. కానీ మొదటి జత చదరపుదే కావాలని గట్టిగా చెబుతాను.

ఎత్తు గురించి భయపడేవాళ్లు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఈ జతలో వెనక ఎత్తు 8.5, ముందు అట్ట మందం 1.5. అంటే పాదానికి తెలిసే ఎత్తు ఏడే. అదీకాక, పొడవాటి పాదం కింద అదే ఎత్తు తక్కువ వాలుగా ఉంటుంది, పొడుగు నిచ్చెన అదే గోడకు ఆనినప్పుడు వాలు తగ్గినట్టు. 36 నంబరు పాదానికి నిటారుగా అనిపించే హీల్ 43 నంబరుకు అంతగా అనిపించదు. పెద్ద పాదం హీల్స్‌కు అడ్డమని నేను ఏళ్ల తరబడి అనుకున్నాను. ఈ ఒక్క విషయంలో అది అనుకూలం.

నడక నేర్చుకోవడానికి నాకు ఆరు వారాలు పట్టింది. కార్ఖానా మూసేశాక, యంత్రాలన్నీ ఆగిపోయిన నిశ్శబ్దంలో, చెక్క నేల మీద రోజూ పది నిమిషాలు. చూపు కాళ్ల మీద కాదు, ఎదురుగా గోడకు వేలాడే రంపం మీద. చెవులు మాత్రం కిందే. మొదటి వారం టక్ అన్న చప్పుడు వెనకే చర్రుమని ఈడ్చిన చప్పుడు వచ్చేది. మోకాలు ముందే వంచేసి పాదం లేపకుండా లాగుతున్నానన్నమాట. అడుగు చిన్నది చేసి, హీల్ ఆనించిన వెంటనే మునివేళ్లు దించడం అలవాటయ్యాక ఆ చర్రు పోయింది. మూడో వారానికి కుడి టక్కు, ఎడమ టక్కు ఒకే బరువుతో వినిపించాయి. ఆ రోజు ఎంత సంతోషించానో చెప్పలేను. రెండు పలకలు గోరు కూడా దూరకుండా అతికినప్పటి సంతోషం అది. మెట్లు దిగేటప్పుడు ఇప్పటికీ చెయ్యి కమ్మీ మీదే ఉంటుంది. విప్పాక గోడకు చేతులు ఆనించి, మడమ నేలకు తాకేలా పిక్కలు సాగదీయడం మానకండి. హీల్స్ ఎక్కువగా వేసుకుంటే అక్కడి కండరం కురచబడుతుంది. పనిలో ఉన్నంతసేపూ నేను చదును బూట్లలోనే ఉంటాను.

ఇదే జత ఎర్ర హీల్‌తో కూడా దొరుకుతుంది. నా తరువాతి జత అదే. యాసాంత్ రిగో 1701లో గీసిన ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ చిత్రంలో, అరవై దాటిన ఆ రాజు తెల్లని మేజోళ్లతో కాలు ముందుకు చాపి, బూట్ల ఎర్ర హీల్స్ కనబడేలా నిలబడి ఉంటాడు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న చిత్రమది. అంతకన్నా ముందు పర్షియా రౌతులు రికాబులో పాదం జారకుండా ఉండడానికి హీల్ ఉన్న బూట్లు వేసుకునేవారు. గుర్రం మీద లేచి నిలబడి బాణం వేయాలంటే ఆ పట్టు కావాలి. పర్షియా రాజు షా అబ్బాస్ 1599లో యూరప్‌కు రాయబారులను పంపాడు. ఆ తరువాతి కాలంలో అక్కడి ప్రభువులు ఈ హీల్‌ను తమదిగా చేసుకున్నారు. టొరంటోలోని బాటా షూ మ్యూజియం 2015లో మగవాళ్ల హీల్స్ మీదే ప్రత్యేకంగా ప్రదర్శన పెట్టింది. నాకు ఇష్టమైనది వేసుకోవడానికి రాజుల అనుమతి అక్కర్లేదు. కానీ ఒక పనిముట్టుగా పుట్టిన వస్తువు అలంకారంగా ఎలా మారిందన్నది పనివాడిగా నన్ను కదిలించే కథ.

వీటితో నేను ఎక్కువగా వేసుకునేది ముదురు ఆకుపచ్చ ఉన్ని స్కర్టు, పిక్కల సగం దాకా వచ్చే కుచ్చిళ్లది. ఆడవాళ్ల దుస్తుల్లో నడుముకూ తుంటికీ మధ్య తేడా ఎక్కువగా ఉంచి కత్తిరిస్తారు. మన ఒంటికి ఆ తేడా తక్కువ. అందుకే నడుము కొలత చూసి కొని, తుంటి దగ్గర వదులైన గుడ్డను కుచ్చిళ్లలో కలిపి కుట్టించాను. అంచు ఎక్కడ ఉండాలో హీల్స్ వేసుకుని నిలబడే కొలిపించాలి, లేకపోతే ఎనిమిది సెంటీమీటర్ల తేడా వస్తుంది. జేబులు లేవు. ఆడవాళ్లు ఎన్నేళ్లుగా చెబుతున్న ఫిర్యాదో, టేపు పెట్టుకునే చోటు లేక నాకు తెలిసింది.

ఇక లోపాలు. చీలమండ పట్టీ పొట్టిది. చివరి రంధ్రంలో పెట్టినా సాయంత్రానికి చర్మం మీద గీత పడుతోంది. వెడల్పు రెండు రకాలుగా చేసినవాళ్లు పట్టీని మాత్రం ఒకే పొడవులో ఎందుకు ఉంచారో అర్థం కాలేదు. చెప్పులు కుట్టే ఆయన దగ్గర మూడు సెంటీమీటర్ల తోలు ముక్క కలిపి కుట్టించాను. ఆయన అతుకు కంపెనీ కుట్టుకన్నా నాణ్యంగా ఉంది. హీల్ కింది రబ్బరు బిళ్ళలు నాలుగో నెలకే అరిగాయి. వాటిని వెంటనే మార్పించాలి. ఆలస్యం చేస్తే హీల్ తోలే నేలకు రాసుకుంటుంది. మరో మాట, పెట్టెలో ఒక కార్డు ఉంది, "ధైర్యవంతులకు అభినందనలు" అని. మంచి మనసుతోనే రాసి ఉంటారు. కానీ కుర్చీ కొన్నవాడిని కూర్చున్నందుకు నేను అభినందించను. ఆ కార్డు కాగితానికి పెట్టిన ఖర్చు పట్టీకి పెట్టి ఉంటే బాగుండేది.

పోయిన నెల మా పనివాళ్లందరం కలిసి పెట్టిన ఫర్నిచర్ ప్రదర్శనకు ఈ హీల్స్, ఆ స్కర్టు వేసుకుని వెళ్లాను. మూడు గంటలు నిలబడ్డాను. మా అక్క వచ్చింది. నన్ను పైనుంచి కిందికి చూసి, "నీ వీపు ఇంత నిటారుగా ఉండడం ఎప్పుడూ చూడలేదురా" అంది. ఒక పెద్దాయన ఊగే కుర్చీ వంపు గురించి అరగంట అడిగి తెలుసుకున్నారు, నా కాళ్ల వంక ఒక్కసారి చూసి మళ్లీ కుర్చీ దగ్గరికే వచ్చేశారు. కొందరు చూసి నవ్వుకుంటూ వెళ్లారు. ఆ నవ్వు వినిపించింది. నా అడుగు మాత్రం తడబడలేదు.

మూసే వేళకు పాతికేళ్ల లోపు కుర్రవాడు ఒకడు నా బల్ల దగ్గర ఆగాడు. సొరుగు తీశాడు, మూశాడు, మళ్లీ తీశాడు. చివరికి చాలా నెమ్మదిగా, "ఇవి ఎంత నంబరు దాకా వస్తాయండీ?" అన్నాడు. 46 దాకా, రెండు వెడల్పుల్లో, అని చెప్పాను. తన నంబరు తనకు సరిగ్గా తెలియదన్నాడు. కుర్చీలు చుట్టి తెచ్చిన గోధుమరంగు కాగితం పక్కనే ఉంది. నేల మీద పరిచి, బూట్లు విప్పమని, రెండు కాళ్ల మీదా బరువు సమంగా వేయమని చెప్పి, నా చెవి మీది పెన్సిల్ తీసి గీశాను. 28.1. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు.