మణికట్టు కట్టు: గట్టిగా బిగించడమా, రక్తం పారనిస్తూ అదమడమా?

మణికట్టు ధమని గుండా చేసే గుండె యాంజియోగ్రామ్ (రక్తనాళాల పరీక్ష) తరువాత, రక్తం ఆగడానికి అక్కడ కట్టు కడతారు. ఆపై ఆ ధమని మూసుకుపోయే ముప్పు స్త్రీలలో, బక్కపలచని వారిలో, మధుమేహం ఉన్నవారిలో, సన్నని ధమనిలోకి లావైన షీత్ (గొట్టం) పంపినప్పుడు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ చాలనప్పుడు ఎక్కువ. శరీరతత్వాన్ని మార్చలేము గానీ, కట్టు కట్టే తీరు మన చేతిలోనే ఉంది.

గట్టిగా బిగిస్తే రక్తస్రావం వెంటనే ఆగుతుంది, అయితే నిలిచిన రక్తం గడ్డకడుతుంది. రెండవ పద్ధతిలో, గుంటూరులోని ఒక వార్డులో గాజులు తీసిన పెద్దావిడ చేతికి చేయగా నేను చూసినట్లు, నర్సు చిటికెనవేలి వైపున్న రెండో ధమనిని నొక్కిపట్టి, కట్టు కింది ధమనిలో రక్తం పారుతోందని తెలిసేలా బొటనవేలి ఆక్సిమీటరులో నాడి అల మళ్లీ లేచేంత వరకు, గాలి నింపి మణికట్టుకు కట్టిన బ్యాండులోని గాలిని సిరంజితో కొద్దికొద్దిగా తీస్తుంది. 2008లో వెలువడిన ప్రొఫెట్ పరిశోధనలో, 24 గంటలకు మూసుకుపోయిన ధమనులు మొదటి పద్ధతిలో 12 శాతం, రెండవదానిలో 5 శాతం. దీనికి ఓపిక కావాలి, నిజమే. కానీ రేపు స్టెంటుకో, డయాలసిస్ ఫిస్టులాకో (ధమనిని సిరతో కలిపే ఏర్పాటు) ఆ ధమనే అవసరం కావచ్చు గనుక, నేను రెండవదానినే కోరుకుంటాను.