పామూరు మీదుగా కొత్త రోడ్డు: పోవడం సులువే, ఆగడమే కష్టం

ప్రకాశం జిల్లా సింగరాయకొండ దగ్గర 16వ నంబరు హైవే వదిలి పడమటికి తిరిగితే కందుకూరు, పామూరు, చంద్రశేఖరపురం, సీతారామపురం దాటి, కొండలెక్కి దిగి, కడప జిల్లా పోరుమామిళ్ల మీదుగా మైదుకూరు చేరే దారి ఒకటుంది. కాగితాల మీద అది 167బి జాతీయ రహదారి. మొన్నమొన్నటి దాకా ఆ పేరుకీ దారికీ పొంతనే ఉండేది కాదు. ఎదురుగా బస్సొస్తే మట్టి మార్జిన్లోకి దిగాల్సిందే. వానాకాలం చప్టా మీద నీళ్లు పారుతుంటే తగ్గేదాకా గట్టున కూర్చోవాల్సిందే. ఇప్పుడు చాలా మేర వెడల్పు చేశారు, వంకర్లు సరిచేశారు, తారు నున్నగా పోశారు. అక్కడక్కడ పని మిగిలే ఉంది గానీ, పాత అవస్థ తెలిసిన వాళ్లకి ఇది వేరే దారిలాగే ఉంటుంది. కార్తీకం రద్దీ పోయాక నేనూ మా బావమరిదీ కారేసుకుని బయల్దేరాం.

కందుకూరులో కడుపు నింపుకోండి. ఇది మొహమాటానికి చెప్పే మాట కాదు. బస్టాండు చుట్టుపక్కల టిఫిన్ సెంటర్లకి లోటు లేదు, ఇడ్లీలోకి వేసే కారప్పొడి దగ్గర పొదుపు చెయ్యరు. గదులు కూడా ఈ దారి మొత్తంలో నమ్మకంగా దొరికే ఊళ్లలో ఇదొకటి. ఊరు దాటాక పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, జామాయిల్ తోటలు, ఆపైన మెట్ట. మాలకొండ నరసింహస్వామిని చూసుకుని పోదామనుకునే వాళ్లు వారం చూసుకుని బయల్దేరాలి. ఆ గుడి తలుపులు శనివారం ఒక్కరోజే తీస్తారు. మిగతా రోజుల్లో కొండకి దణ్ణం పెట్టుకుని పోవడమే. శనివారం పోతే మాత్రం జనం, ఆటోలు, దుమ్ము అన్నీ భరించాలి.

పామూరు దగ్గర పడేకొద్దీ రెండు వైపులా చిల్లచెట్లు, అదే సర్కారు తుమ్మ, తప్ప ఏమీ కనపడదు. మా బావమరిది అంతకుముందు గుజరాత్‌లోని కచ్ పోయొచ్చాడు. "బావా, అక్కడ కూడా ఇదే చెట్టు" అన్నాడు. ఖావడా నుంచి ధోలావీరకి తెల్లటి రణ్, అంటే ఉప్పు ఎడారి, మధ్యగా తారు రోడ్డు వేశారు కదా, దాని కబుర్లు మొదలుపెట్టాడు. ఇటూ అటూ ఉప్పు, నడిమధ్యన గీత గీసినట్టు రోడ్డు, టీ కొట్టు లేదు, నీడ లేదు. అంతకుముందు భుజ్ నుంచి రాపర్ మీదుగా చుట్టు తిరిగి రావాల్సి ఉండటంతో ఆ హరప్పా కాలపు ఊరు చూడబోయిన వాళ్లు రాత్రికి అక్కడే ఉండేవాళ్లంట. 2021లో దానికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది, రోడ్డూ పడింది. ఇప్పుడు పొద్దున పోయి ఫొటోలు దిగి చీకటి పడేలోపు వెనక్కొచ్చేస్తున్నారంట. "మేమూ అదే చేశాం, ఏం చెయ్యమంటావు" అన్నాడు.

ఆ మాటకి సాక్ష్యం పామూరులోనే దొరికింది. మేం దిగిన లాడ్జీలో ఆ రాత్రి మాది తప్ప ఇంకో గదిలో దీపం లేదు. దుప్పటి ఉతికిందే, ఫ్యానూ తిరిగింది, బాత్రూం కుళాయిలో మాత్రం నీళ్లు ఉప్పగా ఉన్నాయి, సబ్బు నురగే రాదు. తాగడానికి క్యాను నీళ్లే గతి. వేడినీళ్లు అడిగితే కుర్రాడు బకెట్టుతో మోసుకొచ్చిచ్చాడు. కౌంటరు దగ్గర పెద్దాయన్ని కదిలిస్తే, "ఇంతకుముందు పొద్దుగూకితే భయపడి ఆగేవోళ్లు సార్. ఇప్పుడెవురాగతారు? జుయ్యిమని పోతా ఉండారు" అన్నాడు. ఆయన కోపం రోడ్డు మీద కాదు. మనవడు కందుకూరు కాలేజీకి రోజూ పోయొస్తున్నాడని మళ్లీ ఆయనే సంబరంగా చెప్పాడు. జనం ఆగకుండా పోయే బరువు మోసేది ఇట్టాంటి చిన్న లాడ్జీలు, రోడ్డు పక్క మెస్సులు. గదులు నిండకపోతే పెట్టుబడి పెట్టరు, పెట్టుబడి లేని గదిలో మనం దిగం.

ఈ దారిలో తప్పక ఆగాల్సిన చోటు భైరవకోన. చంద్రశేఖరపురం మండలం కొత్తపల్లి దగ్గర ఉంది. పెద్ద రోడ్డు దిగాక దారి సన్నబడుతుంది, నావరకు అదే నయం. కొండ రాతినే తొలిచి వరసగా ఎనిమిది గుళ్లు చేశారు, పల్లవుల కాలం నాటివని చెబుతారు. ఏడు తూర్పు ముఖం, ఒకటి ఉత్తర ముఖం. పక్కనే పైనుంచి దూకే జలపాతం. మేం పోయేటప్పటికి ఈశాన్య రుతుపవనం వానలు బాగా పడి ఉండటంతో మోత మోగుతోంది. వేసవిలో పోతే గోడ మీద తడి మరకే మిగలొచ్చు. ఒక గుడి స్తంభం దగ్గర నిలబడి చెయ్యి పెట్టి చూశాను. ఉలి దెబ్బలు ఇంకా వేలికి తగులుతున్నాయి, ఒకే వాలున, దగ్గర దగ్గరగా. కుడివైపు చెక్కిన పనివాడి చెయ్యీ ఎడమవైపు చెక్కినవాడి చెయ్యీ ఒకటి కాదేమో అనిపించింది, గాట్ల వాలు మారింది మరి. అక్కడ మీ శ్రద్ధంతా రాతి మీదే పెట్టకండి, కోతులు కొబ్బరిచిప్ప కోసం చేతి సంచీ లాక్కుపోతాయి. రాత్రి ఉండాలంటే సత్రాల్లో అడగాలి, వసతి మామూలే. పండగ రోజుల్లో ఆశ పెట్టుకోవద్దు. కార్తీక పౌర్ణమి నాటి వెన్నెల అమ్మవారి మీద పడుతుందని జనం విరగబడతారు. ప్రశాంతంగా చూడాలంటే మామూలు మంగళ, బుధవారాలే మేలు.

సీతారామపురం మండలంలో ఘటిక సిద్ధేశ్వరం పోయాం. అడవిలో చల్లగా ఉంటుంది, కాశినాయన ఆశ్రమం వాళ్లు అన్నం పెడతారు, హుండీలో తోచింది వెయ్యొచ్చు. ఘాట్ ఎక్కి పోరుమామిళ్ల వైపు పోవాలని మావాడికి ఉబలాటం. పొద్దు వాలిందని నేనొప్పుకోలేదు. ఉదయగిరి వైపు తిప్పాం.

ఉదయగిరిలో కృష్ణదేవరాయలి సైన్యం 1513 నుంచి దాదాపు ఏడాదిన్నర పాటు దిగబడిపోయిందని చదువుకున్నాం. కొండ కింద నిలబడి తలెత్తి చూస్తే ఎందుకో తెలుస్తుంది. కోట లొంగాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపి తీసుకుపోయి గుడి కట్టించాడు. తెల్లారకముందే ఎక్కడం మొదలుపెట్టాలి, పైన నీళ్లు దొరుకుతాయనుకోవద్దు, మనిషికి రెండు లీటర్లు మోసుకుపోండి. దారి చూపడానికి ఊళ్లో ఒకరిని మాట్లాడుకుంటే మంచిది, పొదల్లో కాలిబాట చాలా చోట్ల కలిసిపోయింది. పాడుబడిన మసీదు దగ్గర నుంచి చూస్తే మెట్టంతా పరుచుకుని కనపడుతుంది. జాతీయ స్థాయిలో చూడాల్సిన కోటకి ఒక సరైన బోర్డు లేకపోవడం నాకు మింగుడు పడలేదు.

ఊళ్లో చెక్క గరిటెలు చేసే ఇళ్లున్నాయి. ఆ పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. ఒకామె వాకిట్లో కూర్చుని కాలి వేళ్లతో చెంచా కాడ అదిమిపట్టి ఆకురాయితో రుద్దుతోంది, పొట్టు ఒళ్లో రాలుతోంది. అట్లకాడ ఒకటీ చిన్న చెంచాలూ తీసుకున్నాం. బేరం ఆడాలనిపించలేదు. మా ఇంట్లో నాన్‌స్టిక్ పెనానికి అదే వాడుతున్నారు. గది కూడా పామూరు కంటే ఇక్కడే నయం. భైరవకోన, ఉదయగిరి రెండూ చూసేవాళ్లు ఇక్కడే దిగి భైరవకోనకి పోయి రావడం తెలివైన పని.

బండి సంగతికొస్తే పగలే నడపండి. రోడ్డు బాగుందని కాలు కిందికి నొక్కబోతారు, మూల తిరిగేసరికి సగం రోడ్డు మీద కంది కట్టె పరిచి ఉంటుంది, లేకపోతే గొర్రెల మంద. రాత్రిపూట దీపాల్లేవు, బర్రెలు మాత్రం ఉంటాయి. పెట్రోలు కందుకూరులోనే నింపుకోండి. కొండల దగ్గర ఫోన్‌కి సిగ్నల్ పోతుంది కాబట్టి జేబులో చిల్లర ఉంచుకోండి. పంక్చర్ కొట్లు మండల కేంద్రాల్లో ఉన్నాయి, చీకటి పడితే మూసేస్తారు. అన్నిటికంటే పెద్ద లోటు మరుగుదొడ్లు. పెట్రోలు బంకుల్లో ఉన్నవి తాళం వేసో, తలుపు ఊడో కనపడ్డాయి. మగవాళ్లం మాకు గడిచిపోయింది. ఆడవాళ్లతో, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. ఇన్ని కోట్లు పోసి రోడ్డు వేసినవాళ్లు మండలానికొక శుభ్రమైన మరుగుదొడ్డీ, పక్కన నీళ్ల కుళాయీ పెడితే పామూరు పెద్దాయన దగ్గర కూడా నలుగురు ఆగుతారు.

ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు 100 కిలోమీటర్లు. ఆత్మకూరు దగ్గర 67వ నంబరు హైవే అందుతుంది, అక్కడి నుంచి కష్టమేమీ లేదు. పొద్దున్నే కోట దిగి స్నానం చేసి బయల్దేరితే మధ్యాహ్నం చేపల పులుసు వేళకి నెల్లూరులో ఉంటారు.