కోటలు చూపిస్తామనే మౌంటెన్ బైక్ ప్యాకేజీలతో జాగ్రత్త: డబ్బు కట్టే ముందు రూటు ఫైలు అడగండి

కొండదారుల్లో మౌంటెన్ బైక్ (రాళ్ల దారులకు తగిన గట్టి సైకిలు) తొక్కుకుంటూ పాత కోటలూ శిథిలాలూ చూసొచ్చే 'సెల్ఫ్ గైడెడ్' ప్యాకేజీలు ఈమధ్య ఆన్‌లైన్‌లో తెగ అమ్ముతున్నారు. గైడు ఉండడు. రూటు ఫైలు, అద్దె బైకు, రాత్రి బస, ఒక బస నుంచి ఇంకో బసకు సామాను చేర్చడం, అన్నీ కలిపి ముందే డబ్బు కట్టించుకుంటారు. మా స్నేహితుల గుంపు అలాంటిదొకటి కొన్నది. బసకు వంక పెట్టను. సామాను కూడా వేళకే చేరింది. దేనికోసమైతే వెళ్లామో ఆ దారీ, ఆ బైకులూ మాత్రం దారుణం. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో అమ్మేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి, పేరు కన్నా పద్ధతి తెలిస్తేనే మీకు పనికొస్తుంది.

ప్రకటనలో ఏముందంటే: రోజుకు 40 కిలోమీటర్ల లోపు, ఎక్కుడు (రోజు మొత్తంలో పైకెక్కే ఎత్తు) 600 మీటర్లు, మధ్యస్థ స్థాయి, దారి పొడవునా చారిత్రక కట్టడాలు. కిలోమీటర్లు దాదాపు సరిపోయాయి. ఎక్కుడు మాత్రం మా వాచీల్లో 1,100 మీటర్లు దాటింది. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు కొలిచే వాచీలవి, అన్నీ కాస్త అటూఇటూగా ఒకే లెక్క చూపించాయి. మౌంటెన్ బైక్ మీద కిలోమీటర్లు చూసి దారిని అంచనా వేయడం దండగ. 600 మీటర్ల ఎక్కుడున్న 40 కిలోమీటర్లు ఓ మోస్తరు అలవాటున్నవాళ్లకు హాయిగా సాగే రోజు. అదే 40 కిలోమీటర్లలో 1,100 మీటర్లు, అదీ రాళ్ల మీద అంటే, పొద్దు వాలేదాకా తోసుకుంటూ నడవాల్సిందే. మేం నడిచాం.

ఇంత తేడా ఎలా వచ్చిందో వాళ్లిచ్చిన ఫైలు విప్పి చూశాక అర్థమైంది. ఇక్కడ కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మోసమంతా ఈ ఫైలులోనే ఉంది.

ఇలాంటి రూటు ఫైళ్లను జీపీఎక్స్ ఫైళ్లంటారు, వాటిని ఫోన్లోని మ్యాపు యాప్‌లో తెరుస్తారు. వాటిలో దారిని రెండు రకాలుగా దాచవచ్చు. ఒకటి ట్రాక్. ఎవరో నిజంగా తొక్కుకుంటూ వెళ్తుంటే పరికరం కొన్ని సెకన్లకోసారి నమోదు చేసే చుక్కల వరస అది. రెండోది రూటు. ఇక్కణ్ణుంచి అక్కడికి, అక్కణ్ణుంచి ఇంకోచోటికి అని పెట్టిన కొన్ని గుర్తులు మాత్రమే ఉంటాయి. రూటును ఫోన్లో తెరిస్తే ఆ గుర్తుల మధ్య దారిని చాలా యాప్‌లు తమ దగ్గరున్న మ్యాపును బట్టి తామే వేసుకుంటాయి. మీ యాప్ ఒకటి, పక్కవాడి యాప్ ఒకటి అయితే ఇద్దరూ వేరే వేరే దారుల్లో పడతారు. మాకు అచ్చంగా అదే జరిగింది. ఓ వాగు దగ్గర సగం మంది ఎడమకు తిరిగారు, సగం మంది నేరుగా పోయారు. ఎవరి ఫోను చూసినా నువ్వే కరెక్టు అంటోంది. సిగ్నల్ లేని చోట మళ్లీ అందరం కలుసుకోవడానికి పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.

దీన్ని కొనేముందే పట్టుకోవచ్చు. జీపీఎక్స్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మామూలు అక్షరాల్లోనే కనిపిస్తుంది. చుక్కలు వేల సంఖ్యలో ఉండి, ఒక్కోదాని పక్కన తేదీ, టైమ్ ఉంటే ఎవరో నిజంగా ఆ దారిలో తిరిగారన్నమాట. పది, ఇరవై చుక్కలే ఉండి టైమ్ ఎక్కడా లేకపోతే కుర్చీలో కూర్చుని మ్యాపు మీద గీసినదేమో అని అనుమానించండి. కొన్ని సైట్లు డౌన్‌లోడ్ అప్పుడు టైమ్ తీసేస్తాయి కాబట్టి అదొక్కటే రుజువు కాదు, కానీ గట్టిగా ప్రశ్న అడగడానికి చాలు. మాకు ఇచ్చిన ఫైలులో ఎక్కడా టైమ్ లేదు.

ఎక్కుడు లెక్క కూడా అంతే. చుక్కలు దూరం దూరంగా ఉంటే మధ్యలో ఉన్న చిన్న చిన్న ఎగుడుదిగుళ్లన్నీ మాయమవుతాయి. పైగా ఉచితంగా దొరికే ఎత్తు వివరాల్లో బాగా వాడకంలో ఉన్నవి 2000లో అమెరికా స్పేస్ షటిల్ రాడార్‌తో సేకరించినవి. అవి సుమారు 30 మీటర్లకో, 90 మీటర్లకో ఒక కొలత చొప్పున ఉంటాయి. ఇరుకు లోయలూ సన్నటి గట్లూ అందులో చదునైపోతాయి. దీనికి తిరగబడ్డ కేసూ ఉంది: ఫోను జీపీఎస్ ఎత్తు ఊగిసలాడుతూ ఉంటుంది కాబట్టి దాన్నే కూడుకుంటూ పోతే లేని కొండ కూడా ఎక్కినట్టు చూపిస్తుంది. అందుకని అమ్మేవాడు చెప్పిన ఒక్క అంకె నమ్మకుండా, అదే ట్రాక్‌ను రెండు వేరే వేరే ప్లానింగ్ సైట్లలో వేసి చూడండి. రెండు లెక్కలూ దగ్గరగా ఉంటే సరే.

సగటు వాలు అనే మాట కనిపిస్తే ఇంకా జాగ్రత్త. మూడు కిలోమీటర్లు, సగటున 6 శాతం అని రాశారనుకోండి. అంటే 180 మీటర్ల ఎక్కుడు. అందులో మొదటి రెండు కిలోమీటర్లు 3 శాతం, ఆఖరి కిలోమీటరు 12 శాతం అయినా సగటు అదే వస్తుంది. వదులు రాళ్లున్న 12 శాతం ఎక్కుడులో వెనక చక్రం జారుతూ ఉంటే తొక్కడం అందరి వల్లా అయ్యే పని కాదు. సగటు కాదు, వాలు గ్రాఫు అడగండి.

'మధ్యస్థం' సంగతి. దీనికి ప్రపంచమంతా ఒకే కొలమానం లేదు. అమెరికాలో మొదలై చాలాచోట్లకు పాకిన ఇంబా (మౌంటెన్ బైకర్ల సంఘం) పద్ధతిలో, సులువు నుంచి కష్టానికి, పచ్చ వృత్తం, నీలి చతురస్రం, నల్ల వజ్రం ఉంటాయి. బ్రిటన్ ట్రెయిల్ సెంటర్లలో పచ్చ, నీలం, ఎరుపు, నలుపు. జర్మన్ మాట్లాడే ఆల్ప్స్ వైపు ఎస్0 (సులువు) నుంచి ఎస్5 (అతి కష్టం) దాకా అంకెలు. ఒకచోటి నీలం ఇంకోచోటి నీలంతో సరిపోవాలని లేదు. ఏ పద్ధతో చెప్పకుండా ఊరికే మధ్యస్థం అంటే అది అమ్మకం మాటే. ఎస్ అంకె చెప్పమని అడిగితే సగం మందికి నోట మాట రాదు. తెలిసినవాళ్లు మాత్రం వెంటనే, ఫలానా దిగుడు ఎస్2, మెట్లుంటాయి, దిగి నడవండి అని చెప్తారు.

ఇక చారిత్రక కట్టడాలు. బొమ్మల్లో కోట బురుజు పక్కనే బైకు ఆనించి ఉంటుంది. నిజంలో మా జాబితాలో ఒక కోట లోయకు అవతలి గట్టు మీద ఉంది, దూరం నుంచి కనిపిస్తుందంతే. ఇంకోటి మరమ్మతుల కోసం మూసేశారు, గేటుకున్న బోర్డు రంగు వెలిసిపోయి ఉంది, అంటే నిన్నమొన్న మూసింది కాదు. మరో శిథిలానికి పోయే దారి మొదట్లోనే సైకిళ్లకు ప్రవేశం లేదని రాసి ఉంది. బైకుల్ని అక్కడే వదిలి వెళ్దామంటే వాళ్లు తాళాలివ్వలేదు. సగం మంది కాపలా, సగం మంది దర్శనం.

ఈ అనుమతి విషయం చిన్నది కాదు. దేశానికో చట్టం. ఇంగ్లండ్, వేల్స్‌లో బ్రిడిల్‌వే అనే గుర్రపు బాటల్లో సైకిలు తొక్కే హక్కు 1968 కంట్రీసైడ్ చట్టంతో వచ్చింది, అక్కడ నడిచేవాళ్లకూ గుర్రాలకూ దారివ్వాలి. ఫుట్‌పాత్ అని గుర్తు పెట్టిన కాలిబాటల్లో ఆ హక్కు లేదు. ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ వెంబడి పోయే ప్రసిద్ధ నడకదారి చాలావరకు కాలిబాటే. సైకిళ్లకు హేడ్రియన్స్ సైకిల్‌వే అని వేరే దారుంది, అది అన్నిచోట్లా గోడను ఆనుకుని పోదు. గోడ పక్కనే తొక్కుతారు అని ఎవరైనా అమ్మితే ఏ దారో అడగాలి. స్కాట్లండ్‌లో 2003 భూ సంస్కరణ చట్టం వల్ల బాధ్యతగా నడుచుకుంటే చాలా నేలల మీద సైకిలుకు అడ్డు లేదు. అమెరికాలో 1964 చట్టం కింద వైల్డర్‌నెస్‌గా (సహజ స్థితిలోనే కాపాడే అడవి ప్రాంతంగా) ప్రకటించిన చోట్ల సైకిలు పూర్తిగా నిషిద్ధం. రూటును గీసే యాప్‌కు ఈ తేడాలు అన్నిసార్లూ తెలియవు. మీరు ఆపబడితే ప్యాకేజీ అమ్మినవాడు వచ్చి మాట్లాడడు.

పాత దారి అన్న మాటకు మురిసిపోయే ముందు ఆ దారి ఎలాంటిదో ఆలోచించండి. రోమన్ రోడ్లు చాలాచోట్ల కొండను చుట్టి రాకుండా నేరుగా ఎక్కేస్తాయి. శతాబ్దాల తరబడి కాళ్లూ గిట్టలూ అరగదీసిన బండరాళ్లు తడిస్తే సబ్బులా జారతాయి. సున్నపు సుద్దనేల కూడా వానలో అంతే. చదువుకోవడానికి అద్భుతమైన దారి, తొక్కడానికి నరకం కావచ్చు. కోటల మట్టికట్టల మీద, కందకాల అంచుల మీద బైకు ఎక్కించడం ఎలాగూ తప్పే. ఎప్పుడో పోసిన మట్టి టైర్ల కింద తెగి నీళ్లకు కొట్టుకుపోతే మళ్లీ రాదు. మా ఫైలు గీత ఒకచోట నిజంగానే అలాంటి కట్ట మీదుగా పోయింది.

స్పెయిన్‌లోని శాంతియాగోకు పోయే క్రైస్తవ యాత్రాదారి కామినో దె శాంతియాగో లాంటి మార్గాల ప్యాకేజీలు కొనేవాళ్లకు ఒక ముక్క: యాత్ర చేసినట్టు అక్కడిచ్చే కొంపొస్తేలా పత్రం రావాలంటే నడిచేవాళ్లు కనీసం 100 కిలోమీటర్లు, సైకిలు మీద వెళ్లేవాళ్లు కనీసం 200 కిలోమీటర్లు పూర్తి చేయాలి. నడకవాళ్ల లెక్కతో తయారైన పొట్టి ప్యాకేజీకి సైకిలు తగిలించి అమ్మితే ఆ పత్రం రాదు.

బైకుల గురించి తక్కువే రాస్తాను, కానీ ప్రాణాల మీదికొచ్చేది ఇదే. మాకిచ్చినవాటిలో ఒకదానికి ముందు బ్రేకు లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది. ఇంకోదాని ప్యాడ్లు దాదాపు ఇనుము తేలి ఉన్నాయి. షిమానో తన డిస్క్ బ్రేకు ప్యాడ్లలో పదార్థం 0.5 మిల్లీమీటర్లకు అరిగితే మార్చమంటుంది. డిస్కుల మీదే కనీస మందం చెక్కి ఉంటుంది, చాలావాటి మీద 1.5 మిల్లీమీటర్లు. పొడవాటి దిగుడులో బ్రేకు వేడెక్కితే పట్టు తగ్గుతుంది. ఈ ఆట పుట్టిన కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో 1976లో మొదలైన కొండ దిగుడు పందేనికి రీప్యాక్ అనే పేరొచ్చింది కూడా అందుకే. పాత హబ్ బ్రేకుల్లో (చక్రం నడిమి ఇరుసులో ఉండేవి) గ్రీజంతా ఒక్క దిగుడుకే మాడిపోయేది, మళ్లీ కూరాల్సి వచ్చేది. ఇప్పటి హైడ్రాలిక్ బ్రేకులు ఎంతో మేలు, అరిగిపోయిన ప్యాడ్లుంటే మాత్రం అవీ నిలపలేవు.

బైకు చేతికిచ్చినప్పుడు అక్కడే చూసుకోండి. ముందు బ్రేకు గట్టిగా పట్టి బైకును ముందుకూ వెనక్కూ ఊపితే హ్యాండిల్ దగ్గర టకటకమని కదలకూడదు. మీరు ఎక్కి కూర్చుంటే ఫోర్క్ (ముందు చక్రానికుండే షాక్ గొట్టాలు) కొంత కిందికి దిగాలి, అస్సలు దిగకపోయినా మొత్తం కూరుకుపోయినా సర్వీసు లేనట్టే. అన్నిటికన్నా చిన్న గేరు పడుతుందో లేదో తొక్కి చూడాలి. లోపాలన్నీ ఫోటో తీసి, అక్కడే కంపెనీకి మెసేజ్ పెట్టండి. మేం తీసిన ఫోటోల వల్లే బైకు అద్దె వెనక్కొచ్చింది.

ఫైలుకు కట్టిన డబ్బు మాత్రం రాలేదు. డిజిటల్ సరుకు, డౌన్‌లోడ్ అయ్యాక వాపసు లేదు అని షరతుల్లో ఉందన్నారు. ఇది వాళ్లొక్కరి తెలివి కాదు. యూరోపియన్ యూనియన్‌లో ఆన్‌లైన్ కొనుగోళ్లను 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కుంది, కానీ కొనేవాడి ఒప్పుదలతో డౌన్‌లోడ్ మొదలయ్యాక డిజిటల్ సరుకుకు అది పోతుంది. ఫలానా తేదీకని బుక్ చేసిన బసకూ విహార సేవలకూ ఆ హక్కు ముందే లేదు. చెప్పినట్టు ఇవ్వకపోతే ఫిర్యాదు చేయడం వేరే సంగతి, అది కార్డు బ్యాంకు ద్వారా ఇప్పుడు నడుస్తోంది. ప్రకటన పేజీ స్క్రీన్‌షాట్లు మా దగ్గర ఉన్నాయి. ఫిర్యాదు పెట్టాక వాళ్ల పేజీలో 600 మీటర్లు అన్న అంకె మాయమైంది, 'కొండలతో కూడిన అందమైన దారి' అని మార్చారు.

కాబట్టి కొనేముందు ఏదో ఒక్క రోజు ట్రాక్ నమూనాగా పంపమనండి. చివరిసారి ఎవరు, ఏ నెలలో ఆ దారిలో తిరిగారో, ఏ కట్టడం ఏ రోజు మూసి ఉంటుందో, ఏ ముక్కలో దిగి నడవాలో రాతపూర్వకంగా అడగండి. నిజంగా ఆ కొండల్లో తిరిగిన చిన్న నిర్వాహకులు ఇవి అడక్కముందే చెప్తారు, నమూనా ఫైలు కూడా సంతోషంగా పంపుతారు. మా కంపెనీని ఇప్పుడు అడిగి చూశాం, మేధోసంపత్తి కాబట్టి ముందుగా ఇవ్వలేమని జవాబొచ్చింది.