టెలిస్కోపా, నీడ కర్రా?

వర్ధమాన దేశాల్లో హైస్కూల్ టీచర్లకు ఖగోళ శాస్త్రంలో శిక్షణ దేనితో మొదలుపెట్టాలి? డబ్బు తక్కువుంటే నా ఓటు కర్రకే.

2009 అంతర్జాతీయ ఖగోళ సంవత్సరంలో వచ్చిన గెలీలియోస్కోప్ లాంటి చిన్న టెలిస్కోప్‌లో గురుగ్రహం చుట్టూ నాలుగు ఉపగ్రహాలు కనబడితే టీచర్లు చిన్నపిల్లలైపోతారు. ఆ ఆనందం విలువైనదే. కానీ బడి నడిచేది పగలు. క్లాసు మొత్తానికి ఒక్కటి ఏం సరిపోతుంది?

మీటరు కర్రను ఎండలో నిటారుగా పాతి, పావుగంటకోసారి నీడ కొసన గులకరాయి పెట్టించండి. అన్నిటికంటే పొట్టి నీడ ఉత్తర దక్షిణాలను చూపిస్తుంది. అది సరిగ్గా పన్నెండింటికే పడాలని లేదని టీచరే స్వయంగా కనిపెడతారు. నెల తర్వాత మళ్లీ కొలిస్తే ఆ పొడవు మారి ఉంటుంది. రుతువుల పాఠం అక్కణ్ణుంచే మొదలుపెట్టవచ్చు.