తాళంచెవి మళ్ళీ పోయింది

ముందే చెప్తున్నా, పల్లెటూరి పంచాయతీ సెక్రటరీ కథ చెప్పే హిందీ వెబ్‌సిరీస్ ‘పంచాయత్’కి నేను అభిమానినే. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పుణ్యమా అని ఊళ్లో ఉన్నప్పుడు మొదటి సీజన్ రెండుసార్లు చూశా. ఆఫీసు తాళంచెవి కనపడక ఒక ఎపిసోడంతా గడిచిపోవడం, సెక్రటరీ ముచ్చటపడి కొనుక్కున్న చక్రాల కుర్చీ మీద పెళ్లికొడుకు కన్ను పడటం, ఇంత చిన్న విషయాలతో ఇంత నవ్వించొచ్చా అనిపించింది.

ఇప్పుడు మాత్రం విసుగొచ్చింది. హిందీలో నాలుగు సీజన్లు, తెలుగులో దాని రీమేక్ ‘సివరపల్లి’, బెంగళూరు మారతహళ్లిలోని మా పీజీలో సేలం రూమ్మేట్ పట్టుబట్టి పెట్టిన తమిళ వెర్షన్, అన్నీ ఎనిమిదేసి ఎపిసోడ్లే, లెక్కేస్తే 48. దాదాపు ప్రతి ఎపిసోడ్‌కీ ఒకటే కొలత. చిన్న తగువు మొదలవుతుంది, సెక్రటరీ మొహం మాడ్చుకుంటాడు, ప్రధాన్ (అంటే సర్పంచ్) భర్త పెద్దరికానికి పోయి దాన్ని ఇంకా చెడగొడతాడు, చివరి ఐదు నిమిషాల్లో మెల్లగా సంగీతం, మన కళ్ళు తడవాలి. రెండో సీజన్ ముగింపులో ఉపప్రధాన్ ప్రహ్లాద్ కొడుకు విషయానికి నిజంగానే ఏడ్చాను, కాదనను, ఫైసల్ మలిక్ ఆ పాత్రను నిలబెట్టేశాడు. కానీ ఆ తర్వాత ఎమ్మెల్యేతో గొడవ సాగీ సాగీ, 2025లో వచ్చిన నాలుగో సీజన్ మొత్తం సొరకాయ గుర్తుకీ ప్రెజర్ కుక్కర్ గుర్తుకీ మధ్య ఎన్నికల పోటీ అయిపోయింది. వీళ్ళొక ఎత్తు వేస్తారు, వాళ్ళొక పైఎత్తు. మూడో ఎపిసోడ్‌కే మావాడొకడు ప్లేటు కడుక్కోవడానికి లేచివెళ్ళి మళ్ళీ రాలేదు.

అసలు కోపం ‘సివరపల్లి’ మీద. నటుల్ని తప్పు పట్టను, రాగ్ మయూర్ బాగా చేశాడు, మురళీధర్ గౌడ్ నోరు తెరిస్తే చాలు నాకు నవ్వొస్తుంది. కానీ అదే తాళం, అదే దయ్యం చెట్టు, అదే కుర్చీ. ఊరు తెలంగాణది, యాస తెలంగాణది, కథ మాత్రం ఉత్తరప్రదేశ్‌ది.

మా బావ తెలంగాణలో పంచాయతీ కార్యదర్శి. 2018లో 9,355 జూనియర్ కార్యదర్శి పోస్టులకు నోటిఫికేషన్ పడితే, అందులో వచ్చిన ఉద్యోగం. మొదట్లో జీతం నెలకు 15 వేలు, మూడేళ్ళ ప్రొబేషన్‌ని ప్రభుత్వం నాలుగేళ్ళు చేసింది, 2023లో కార్యదర్శులు సమ్మె కూడా చేశారు. నర్సరీలో మొక్కలు ఎండిపోతే ఈయనే జవాబుదారీ, చెత్త ట్రాక్టర్ కదలకపోతే ఈయన్నే అడుగుతారు, వైకుంఠధామం (శ్మశానం), పల్లె ప్రకృతి వనం, డంపింగ్ యార్డ్ అన్నీ ఈయన నెత్తినే, పైగా పొద్దున్నే ఊళ్లో ఉన్నట్టు యాప్‌లో ఫొటో పెట్టాలి. ఒకసారి సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని వాటర్ ట్యాంక్ ఎక్కాడట. ఇదొక్కటి చాలదా ఒక ఎపిసోడ్‌కి? ఇంకో విచిత్రం, సిరీస్ వచ్చిన 2025 జనవరి నాటికి తెలంగాణ పల్లెల్లో అసలు సర్పంచులే లేరు. పదవీకాలం ముగిసి అప్పటికి ఏడాది కావొచ్చింది, ప్రత్యేకాధికారుల పాలన నడుస్తుండేది. సర్పంచ్ లేని ఊళ్లో సర్పంచ్ మొగుడు ఇంకా పెత్తనం చేస్తుంటే ఎంత కామెడీ పుట్టేది! రాసేవాళ్ళు ఆ ఊళ్ళలో ఒక్క వారం తిరిగినా దొరికేవి ఇవన్నీ.

‘సివరపల్లి’ చూశావా బావా అని ఫోన్ చేసి అడిగితే, ‘తాళంచెవి పోతే వెతుక్కుంట కూసునే టైమేడుంది, పలగ్గొట్టి పొద్దటి ఫొటో పెట్టుడే’ అన్నాడు. మొదటి ఎపిసోడ్ సగంలోనే నిద్రపోయాడట, ఆయన నిద్రకి తప్పంతా సిరీస్‌దే అనను, రోజంతా తిరిగొచ్చాడు పాపం.

చూడనివాళ్ళకు నా మాట: హిందీ మొదటి రెండు సీజన్లు హాయిగా చూడండి. హిందీ అస్సలు చూడకపోతే ‘సివరపల్లి’ కూడా నచ్చుతుంది, మా అమ్మకు తెగ నచ్చింది, రెండో భాగం ఎప్పుడని అడుగుతోంది. ఒక భాషలో చూసినవాళ్ళు ఇంకో భాషదాని జోలికి పోకండి. మొన్న శనివారం సేలం వాడు తమిళంది మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు, కొత్త సెక్రటరీ ఊళ్లోకి అడుగుపెట్టగానే నేను చెప్పులేసుకుని కిందికి టీకి వెళ్ళిపోయా.