పరుగు, బరువులు: వేర్వేరు రోజుల్లోనా, ఒకే రోజునా, ఒకే పూటనా? ఏది మేలు?

దూరపు పరుగు సాధన చేసేవారిలో బరువుల వ్యాయామం అనవసరమని అనేవారు ఇప్పుడు అరుదు. అయినా ఉద్యోగం, ఇల్లు, ప్రయాణాలు కలిసి వారాన్ని ఇరుకు చేసినప్పుడు మొదట పక్కకు జరిగేది ఆ బరువులే. వారానికి నాలుగైదు గంటలు మాత్రమే దొరికేవారికి మూడు దారులున్నాయి. పరుగును ఒక రోజు, బరువులను మరుసటి రోజు పెట్టుకోవచ్చు. ఒకే రోజున ఉదయం పరుగెత్తి సాయంత్రం బరువులు ఎత్తవచ్చు. లేదా రెండింటినీ ఒకే పూట ఒకదాని వెంట ఒకటి ముగించవచ్చు. హాఫ్ మారథాన్, మారథాన్ దూరాలను లక్ష్యంగా పెట్టుకున్నవారిని దృష్టిలో ఉంచుకొని ఈ మూడింటినీ ఇక్కడ తూచి చూస్తున్నాను.

ముందుగా ఒక పాత భయాన్ని పరిశీలించాలి. రెండు సాధనలూ కలిస్తే ఒకటి మరొకదాన్ని దెబ్బతీస్తుందన్న మాట 1980లో వ్యాయామ పరిశోధకుడు రాబర్ట్ హిక్సన్ ప్రచురించిన అధ్యయనంతో బలపడింది. అందులో కొందరు బరువులు మాత్రమే ఎత్తారు, కొందరు ఓర్పును, అంటే ఎక్కువసేపు శ్రమించే సత్తాను, పెంచే వ్యాయామం మాత్రమే చేశారు, మరికొందరు రెండూ చేశారు. 10 వారాల ఆ సాధనలో రెండూ చేసినవారి కండబలం మొదటి ఏడెనిమిది వారాలు చక్కగా పెరిగి, ఆ తరువాత తగ్గుముఖం పట్టింది. వారి ఓర్పుకు మాత్రం లోటు రాలేదు. అయితే వారు వారానికి 5 రోజులు బరువులు ఎత్తి, 6 రోజులు తీవ్రంగా ఓర్పు సాధన చేశారన్న సంగతిని చాలామంది మరిచిపోతారు. తీరిక లేని మనిషి ఆ భారంలో సగాన్ని కూడా అందుకోలేడు. ఇటీవలి కాలంలో అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలు గరిష్ఠ బలానికీ కండరాల పరిమాణానికీ చెప్పుకోదగ్గ నష్టం లేదనే తేల్చాయి. మెరుపులా ఎగిరే, దూకే శక్తి మాత్రం కొంత మందగిస్తుందనీ, అది కూడా ముఖ్యంగా రెండింటినీ ఒకే పూట కలిపినప్పుడేననీ అవి చెబుతున్నాయి.

బరువుల వల్ల పరుగుకు కలిగే లాభం గురించి 1999లో ఫిన్లాండ్ పరిశోధకులు వెలువరించిన ఫలితం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. శిక్షణ పొందిన క్రీడాకారుల సాధనలో దాదాపు మూడో వంతును వారు గెంతులు, కొద్ది దూరపు వేగపు పరుగులు, వేగంగా ఎత్తే బరువులతో నింపారు. 9 వారాల తరువాత ఆ క్రీడాకారుల 5 కిలోమీటర్ల సమయం మెరుగుపడింది. శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ పరిమాణం, అంటే వీఓటూ మ్యాక్స్, వారిలో పెరగలేదు. అదే వేగాన్ని తక్కువ ఆక్సిజన్‌తో నిలబెట్టుకోగల పొదుపు వారి కాళ్లకు వచ్చింది. మొత్తం సాధన సమయాన్ని పెంచకుండా, ఓర్పు సాధన వాటాలోంచే కొంత తీసి ఇటు మళ్లించారన్న విషయం గమనించదగ్గది. వారంలో గంటలు పెరగని మనిషికి కావలసిన భరోసా సరిగ్గా ఇదే.

ఇక అమరికల విషయానికి వస్తే, రోజు విడిచి రోజు పద్ధతి చూడటానికి ఎంతో న్యాయంగా కనిపిస్తుంది. ప్రతి సాధనకూ తాజా శరీరంతో వెళ్లవచ్చు, రోజుకు ఒకేసారి సమయం కేటాయిస్తే చాలు. చిక్కంతా కాళ్లకు విశ్రాంతి దొరకకపోవడంలో ఉంది. స్క్వాట్లు (బరువుతో గుంజీలు), డెడ్‌లిఫ్ట్‌లు (నేల మీది బరువును నిటారుగా నిలబడేదాకా ఎత్తడం) బరువుగా చేసిన తరువాత కండరాల నొప్పి అదే రోజు పూర్తిగా బయటపడదు. 24 నుంచి 72 గంటల మధ్య అది ఎక్కువగా ఉంటుంది. బుధవారం బరువులెత్తినవాడు గురువారం వేగపు పరుగుకు దిగితే, ఆ నొప్పి మొదలయ్యే వేళకే ఆ వారంలోని ముఖ్యమైన పరుగు వచ్చి పడుతుంది. గడియారంలో వేగం తగ్గుతుంది, పరుగు తీరు మారుతుంది, వారం చివర దూరపు పరుగుకు కాళ్లు అలసటతోనే చేరతాయి. ఆరు రోజులూ ఏదో ఒకటి ఉంటుంది కనుక, ఒక్క రోజు పనివల్ల తప్పిపోతే దాన్ని సర్దడానికి ఖాళీ రోజు కూడా మిగలదు.

నా మొగ్గు రెండో పద్ధతి వైపే. కష్టమైన పనులన్నిటినీ ఒకే రోజుకు చేర్చి, తేలిక రోజును నిజంగా తేలికగా ఉంచడం దీని మూలసూత్రం. మంగళవారం ఉదయం ఇంటర్వెల్స్ (మధ్య మధ్య తెరిపి ఇస్తూ చేసే వేగపు పరుగులు) పరుగెత్తి, కనీసం ఆరు గంటలు గడిచాక సాయంత్రం 40 నిమిషాలు బరువులు ఎత్తితే, బుధవారం పూర్తి విశ్రాంతికో, హాయిగా మాట్లాడుతూ సాగే నెమ్మది పరుగుకో వదిలేయవచ్చు. నొప్పి ఎక్కువయ్యే గంటలు బుధవారం సాయంత్రం నుంచి మొదలై, ఆ తరువాతి తేలిక రోజుల మీదే పడతాయి. లక్ష్యం పరుగే కనుక పరుగు ముందు ఉండాలి. ఉదయం కాళ్లు తాజాగా ఉన్నప్పుడు వేగం సరిగా వస్తుంది, సాయంత్రానికి కొంత అలసట ఉన్నా బరువుల్లో జరిగే నష్టం స్వల్పం. మధ్యలో పిండిపదార్థాలు, మాంసకృత్తులు ఉన్న భోజనం తప్పనిసరి, ఎందుకంటే ఉదయపు పరుగు ఖర్చు చేసిన గ్లైకోజెన్, అంటే కండరాల్లో నిల్వ ఉండే పిండిపదార్థపు ఇంధనం, కొంతైనా తిరిగి నిండాలి. ఈ పద్ధతికి ఉన్న అసలు ఖరీదు రోజుకు రెండుసార్లు సమయం చూసుకోవలసి రావడం. అది వారానికి ఒకటి రెండు రోజులకే పరిమితమన్నది గుర్తుంటే అంత భారంగా ఉండదు. రాత్రి బాగా పొద్దుపోయాక మాత్రమే జిమ్‌కు వెళ్లగలిగేవారు, దానివల్ల నిద్రలో గంట పోతుందనుకుంటే, ఈ దారి పట్టకపోవడమే మంచిది. నిద్ర పోగొట్టుకొని సంపాదించిన బలం నిలబడదు.

ఒకే పూట రెండూ చేయడం సమయాన్ని బాగా ఆదా చేస్తుంది, కానీ దాన్ని నెమ్మది పరుగుల రోజుకు పరిమితం చేయాలి. 30 నిమిషాల తేలిక పరుగు తరువాత బరువులు ఎత్తడం సమంజసం. బరువైన స్క్వాట్ల తరువాత ఇంటర్వెల్స్‌కు దిగడం, గంటన్నర పరుగు తరువాత డెడ్‌లిఫ్ట్‌కు వంగడం గాయాలను పిలవడమే.

ఈ లెక్కన నా దృష్టిలో మంచి వారం ఇలా ఉంటుంది. మంగళవారం ఉదయం వేగపు పరుగు, సాయంత్రం బరువులు, బుధవారం విశ్రాంతి, గురువారం నెమ్మది పరుగు, దాని వెంటనే రెండోసారి బరువులు, శుక్ర, శనివారాల్లో ఒకటి ఖాళీ, రెండోది చిన్న పరుగు, ఆదివారం దూరపు పరుగు, సోమవారం మళ్లీ విశ్రాంతి. గురువారం కాళ్ల మీద వేసే బరువు కొంత తగ్గించి, వీపు, భుజాలు, నడుము మీద ఎక్కువ శ్రద్ధ పెడితే ఆదివారానికి కాళ్లు తేరుకుంటాయి. పెద్దలు వారానికి కనీసం రెండు రోజులు ప్రధాన కండరాలన్నిటికీ బలం పెంచే వ్యాయామం చేయాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు కూడా ఈ అమరికలో నెరవేరుతాయి.

ఆ 40 నిమిషాల్లో ఏం చేయాలన్నదానిపై ఒక పొరపాటు అభిప్రాయం ప్రచారంలో ఉంది. పరుగెత్తేవారు తేలిక బరువును చాలాసార్లు ఎత్తితే చాలని చెబుతుంటారు. కానీ 10 కిలోమీటర్ల పరుగులోనే కాళ్లు దాదాపు ఎనిమిది నుంచి పది వేల అడుగులు వేస్తాయి. ప్రతి అడుగులోనూ శరీర బరువుకు రెండు మూడు రెట్ల తాకిడిని భరిస్తాయి. తేలికగా, పదే పదే చేసే శ్రమ వాటికి ఇప్పటికే కావలసినంత అందుతోంది. వాటికి లేనిది బరువైన, తక్కువ సార్ల శ్రమ. పద్ధతి బాగా నేర్చుకున్న తరువాత స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, ఒక కాలు ముందుకు వేసి మోకాళ్లు వంచే లంజ్, మడమలు పైకెత్తే పిక్కల వ్యాయామం, ఒక లాగుడు వ్యాయామం తీసుకొని, ఒక్కొక్కటి మూడు సెట్లు (విడతలు), సెట్టుకు ఐదారు సార్లు చేస్తే సరిపోతుంది. ఆఖరి సారి తరువాత ఇంకో రెండుసార్లు ఎత్తగల శక్తి మిగిలి ఉండాలి; చేతులెత్తేసేదాకా లాగితే మరునాటి పరుగు పాడవుతుంది. కొత్తవారు మొదటి నెల తేలిక బరువుతో కదలికలు నేర్చుకోవడానికే కేటాయించాలి.

ఎంత జాగ్రత్తగా అమర్చినా కొన్ని వారాలు చేజారిపోతాయి. అప్పుడు ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నదానికి హిక్సన్ ఆ తరువాత చేసిన అధ్యయనాలే దారి చూపుతాయి. వారానికి 6 రోజుల సాధనను 2 రోజులకు తగ్గించినా, తీవ్రతను తగ్గించనివారు 15 వారాల పాటు వీఓటూ మ్యాక్స్‌ను దాదాపు నిలబెట్టుకున్నారు. రోజులను అలాగే ఉంచి తీవ్రతను బాగా తగ్గించినవారు దాన్ని కోల్పోయారు. కండబలం కూడా అంతే. ఎత్తే బరువు తగ్గకపోతే వారానికి ఒక్కసారి ఎత్తినా అది నెలల తరబడి నిలుస్తుంది, వయసు పైబడినవారిలో కండరాల పరిమాణం నిలవడానికి రెండుసార్లు కావలసి రావచ్చు. కనుక చెడిన వారంలో ఒక వేగపు పరుగు, వీలైనంత దూరపు పరుగు ఒకటి, ఒకసారి బరువులు ఉంటే చాలు. మిగిలిన నెమ్మది పరుగులను వదిలేయవచ్చు. తప్పిపోయిన వాటిని మరుసటి వారంలో కలిపి చేయబూనడం మాత్రం తగదు.

మారథాన్ దగ్గరపడే కొద్దీ తూకం పరుగు వైపు మరింత ఒరగాలి. చివరి రెండు నెలల్లో బరువులను వారానికి ఒకసారికి కుదించి, పోటీకి పది రోజుల ముందు చివరిసారి కాళ్లపై బరువు మోపి, ఆ తరువాత ఆపేయడం మంచిది. పోటీ ముగిసిన మొదటి వారం నడక చాలు. రెండో వారంలో మునుపటి బరువులో సగంతో మళ్లీ మొదలుపెట్టవచ్చు. తదుపరి పోటీ ఇంకా దూరంగా ఉండే ఆ నెలల్లోనే బరువులకు రెండు రోజులు పూర్తిగా ఇచ్చి బలం కూడబెట్టుకోవాలి.