ఆసిలోస్కోప్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్: పెన్‌డ్రైవా, కేబులా, సీరియల్ పిన్నులా?

తక్కువ ధర డిజిటల్ ఆసిలోస్కోపుల్లో (విద్యుత్ సంకేతాలను తెర మీద గీతగా చూపే పరికరాలు) కొత్త ఫర్మ్‌వేర్ (పరికరాన్ని లోపలినుంచి నడిపే ప్రోగ్రాము) ఎక్కించే దారులు ముఖ్యంగా మూడు. ఏది తేలికో ఎవరైనా చెప్పగలరు. మధ్యలో కరెంటు పోతే దేంట్లోంచి బయటపడగలం అన్నదే అసలు ప్రశ్న. ఈ రెండు లెక్కలూ ఎదురెదురుగా నడుస్తాయి.

అంతకన్నా ముందు, అసలు అప్‌డేట్ చేయకుండా ఉండటం కూడా ఒక దారే. కొత్త వెర్షన్‌తో వచ్చే మార్పుల జాబితా చదవండి. మీరు ఏనాడూ ముట్టని డీకోడర్‌లో (సంకేతాల్లోని డేటాను చదివి చూపే సదుపాయం) లోపం సరిచేశారంతే అయితే ఆ పని పక్కన పెట్టేయడమే మేలు.

పెన్‌డ్రైవ్: రిగోల్ డీఎస్1054జెడ్, సిగ్లెంట్ ఎస్‌డీఎస్1104ఎక్స్-ఈ లాంటి బల్ల మీది స్కోపులకు ఇదే సరైన పద్ధతి. కాపీ అయ్యాక కంప్యూటర్‌తో పని లేదు కాబట్టి డ్రైవర్ల గొడవ, ల్యాప్‌టాప్ నిద్రలోకి జారుకోవడం లాంటివి ఉండవు. ‘ఫైలు కనిపించడం లేదు’ అన్న ఫిర్యాదుకు తరచూ కారణం ఫార్మాటే. 32 జీబీ దాటిన డ్రైవ్‌ను విండోస్ మామూలుగా ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తుంది, స్కోపుకు కావలసింది ఫ్యాట్32. పాత 8 జీబీ డ్రైవ్ చాలు. జిప్ విప్పి, లోపలి ఫైలును ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా నేరుగా డ్రైవ్‌లో పెట్టాలి. రిగోల్‌కు అది జెల్ ఫైలు, సిగ్లెంట్‌కు ఏడీఎస్ ఫైలు. రెండోసారి డౌన్‌లోడ్ చేస్తే పేరు చివర బ్రాకెట్లో 1 చేరుతుంది, దాన్ని తీసేయండి.

అసలు ప్రమాదం ఫార్మాట్‌లో లేదు, హార్డ్‌వేర్ వెర్షన్‌లో ఉంది. ముందు ప్యానెల్ మీద అదే మోడల్ నంబరు ఉన్నా లోపలి బోర్డు మారి ఉండవచ్చు. వేరే బోర్డు కోసం రాసిన ఫైలును స్కోపు ఎప్పుడూ అడ్డుకుంటుందని నమ్మకండి. ఎక్కిపోయాక తెర వెలగకపోతే డబ్బా విప్పక తప్పదు. అందుకే సిస్టమ్ సమాచారం పేజీని ముందే ఫోటో తీసుకుని, హార్డ్‌వేర్, ఫర్మ్‌వేర్ వెర్షన్లు రెండూ తయారీదారు చెప్పినవాటితో సరిపోల్చండి. మధ్య వెర్షన్ ఒకటి ముందు ఎక్కించాలని తయారీదారు చెబితే దాన్ని దాటేయకండి.

యూఎస్‌బీ కేబుల్: చేతిలో ఇమిడే డీఎస్203 లాంటివాటికి ఇది తప్పదు. అప్‌డేట్ మోడ్‌లో ఇది కంప్యూటర్‌కు చిన్న డ్రైవ్‌లా కనిపిస్తుంది. హెక్స్ ఫైలు కాపీ చేస్తే, సరిగ్గా ఎక్కినప్పుడు దాని చివరి అక్షరాలు ఆర్‌డీవైగా మారతాయి. ఆ మార్పు కనిపించేదాకా కేబుల్ పీకవద్దు. బ్యాటరీ నిండా ఉండాలి. బల్ల మీది స్కోపుకు పెన్‌డ్రైవ్ దారి ఉండగా కేబుల్ ఎంచుకోవడంలో నాకు అర్థం కనిపించదు: చెడిపోయే చోట్లను మనమే పెంచుకున్నట్టు.

సీరియల్ పిన్నులు: డీఎస్ఓ138 కిట్ దారి ఇది. మూడింట్లో చిరాకైనదీ, మొండిదీ ఇదే. బోర్డు మీది బూట్ జంపర్లను (చిప్‌ను అప్‌డేట్ మోడ్‌లోకి మార్చే చిన్న అతుకులు) టంకంతో కలిపి, 3.3 వోల్టుల యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ తగిలించాలి. టీఎక్స్‌ను (పంపే పిన్ను) ఆర్ఎక్స్‌కు (అందుకునే పిన్ను), ఆర్ఎక్స్‌ను టీఎక్స్‌కు కలపాలి, గ్రౌండ్ ఉమ్మడి. కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో పారిటీ (తప్పులు పట్టే అమరిక) ‘ఈవెన్’ కాకపోతే చిప్ పలకదు. ఇంత తంటా పడినందుకు దక్కేది ఒకటుంది: కిట్‌లోని ఎస్‌టీఎం32 చిప్‌లో ఉండే బూట్‌లోడర్ (ఫర్మ్‌వేర్‌ను ఎక్కించే చిన్న ప్రోగ్రాము) చెరిపే వీలు లేని చోట ఉంటుంది. సగంలో కరెంటు పోయినా మళ్లీ మొదటినుంచి ఎక్కించుకోవచ్చు. ఒక్క మెలిక: రీడ్ ప్రొటెక్షన్ (చిప్‌లోని ప్రోగ్రామును బయటికి చదవనివ్వని తాళం) తీసేస్తే చిప్ మొత్తం చెరిగిపోతుంది. అంటే పాత ఫర్మ్‌వేర్‌ను ముందు దాచుకుందామన్నా కుదరదు. కొత్త ఫైలు చేతిలో లేకుండా ఆ తాళం తీయకండి.

కాబట్టి బల్ల మీది స్కోపుకు పెన్‌డ్రైవ్, యూపీఎస్ జంటగా వాడండి. వెనక్కి వచ్చే దారి సన్నగా ఉన్నది అక్కడే, కరెంటును నమ్ముకోవద్దు. ప్రోబులన్నీ (కొలవడానికి తగిలించే తీగలు) తీసేసి, దానంతటదే రీస్టార్ట్ అయ్యేదాకా మీటలు ముట్టకండి. సెట్టింగులు చెరిగిపోవచ్చు, ముందే భద్రపరచుకోండి. తర్వాత 30 నిమిషాలు వేడెక్కనిచ్చి, ప్రోబులు లేకుండానే సెల్ఫ్ క్యాలిబ్రేషన్ (స్కోపు తన కొలతలను తానే సరిచేసుకోవడం) నడపండి. అది ముగిశాక ప్రోబ్‌ను ముందున్న 1 కిలోహెర్ట్జ్ చదరపు తరంగానికి తగిలించి, తరంగం పైభాగం చదునుగా, మూలలు గుండ్రబడకుండా ఉన్నాయేమో చూడండి.